మేమెప్పుడు ఏలినం?

సెప్టెంబర్ 17కు తెలుగులో ఒక్క పేరు లేదు. విమోచన అనేవాళ్ళున్నారు. విలీనం అనేవాళ్ళున్నారు. ఇల్లందు లాంటి ఎర్రజెండా ఊళ్ళలో విద్రోహం అనేవాళ్ళూ ఉన్నారు. ముసలివాళ్ళ నోట అది 'పోలీస్ యాక్షన్'. ఉర్దూలో చదివితే అదే రోజు 'సుఖూతె హైదరాబాద్', హైదరాబాద్ పతనం. రెండు భాషల్లో చదివి రెండు భాషల్లో రాసి బతికే నాబోటివాడికి ఈ పేర్లన్నీ తెలిసినవే. పేరు ఏదైతేనేం, ఆ నెల వచ్చేసరికి ముస్లిం అయినవాడి ముందుకు ఒకటే ప్రశ్న వస్తుంది: "మీరు మమ్మల్ని ఏలినోళ్ళు గదా?"

ఈ ప్రశ్న వేసేవాళ్ళందరూ చెడ్డవాళ్ళేం కాదు. చాలామంది విన్నదే అడుగుతారు. మావాళ్ళలో కూడా ఈ ప్రశ్న విని లోలోపల మురిసిపోయేవాళ్ళు లేకపోలేదు. పాత సందుగలో ఒక నిజాం సిక్కా ఉంటే చాలు, మనమూ ఒకప్పుడు ఏలినవాళ్ళమే అనిపిస్తుంది. అడిగేవాడిదీ మురిసేవాడిదీ ఒకటే నమ్మకం. రాజుది ఏ మతమైతే రాజ్యం ఆ మతంవాళ్ళందరిదీ అని. ఈ నమ్మకాన్ని ఒక పార్టీ సిద్ధాంతంగా మార్చుకొని, సర్కారును గుప్పిట్లో పెట్టుకుంటే ఏం జరుగుతుందో హైదరాబాద్ సంస్థానం 1947-48లో చూసింది. ఆ లెక్క ఇంకా తేలలేదు. అందుకే ఇవాళ మళ్ళీ తీయవలసి వస్తోంది.

ముందు 'మీరు' అంటే ఎవరో తేల్చుకుందాం.

ఇల్లందునే తీసుకోండి. ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవికీ నడుమ ఉన్న ఈ ఊరిని జనం బొగ్గుట్ట అంటారు. 1870లలో జియాలజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో తవ్వుకునే హక్కు లండన్‌లో పెట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి పోయింది. 1889లో తవ్వకం మొదలైంది. ఆ ఒప్పందం నడిపించిన నిజాం అధికారి అబ్దుల్ హఖ్ కంపెనీ వాటాల్లో సొంత లాభం చూసుకున్నాడని గొడవ లేచింది. 1888లో అది బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అందులో మెజారిటీ వాటా నిజాం సర్కారు కొన్నది.

ఇదీ బొగ్గు యజమానుల జాబితా. లండన్ వాటాదార్లు, హైదరాబాద్ అధికారులు, చివరికి ఆలా హజ్రత్. గనిలోకి దిగినవాళ్ళ జాబితా వేరు. దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు, గిరిజనులు, వాళ్ళతోపాటు పొట్ట చేతబట్టుకొని వచ్చిన ముస్లింలు. షిఫ్టు దిగి పైకొచ్చినప్పుడు ఆ మసిబారిన మొహాల్లో ఏది ఏలిన మొహమో, ఏది ఏలబడ్డ మొహమో ఎవరైనా పోల్చి చెప్పగలరా?

భూమి లెక్క చూసినా ఇంతే. సంస్థానంలో సుమారు పదో వంతు భూమి నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. దాదాపు మూడో వంతు జాగీర్లు. మిగిలిన దివానీ ఇలాకాలో ఊరి మీద పెత్తనం ఎవరిది? దేశ్‌ముఖులది, దేశ్‌పాండ్యాలది, పట్వారీలది. తెలంగాణలో వాళ్ళు దాదాపు అందరూ హిందూ అగ్రకులాలవాళ్ళే. జన్నారెడ్డి ప్రతాపరెడ్డికి లక్షన్నర ఎకరాలు, మన ఖమ్మం వైపు కల్లూరు దేశ్‌ముఖ్‌కు లక్ష ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య లెక్క రాశాడు. వెట్టి చేయించుకున్నది ఆ గడీలే. విసునూరు దేశ్‌ముఖ్‌తో తన కొద్దిపాటి భూమి కోసం కోర్టులో కొట్లాడి గెలిచి, ఆ గెలుపుకు ప్రాణం పెట్టినవాడి పేరు షేక్ బందగి. పేదముస్లిం ఏలిక అయితే బందగి ఎవరి చేతిలో చచ్చిపోయినట్టు? ఏ రాజ్యానికి రాజుగా చచ్చిపోయినట్టు?

కాబట్టి ఆసఫ్‌జాహీ రాజ్యం ముస్లింల రాజ్యం కాదు. ఒక ముస్లిం రాజు, అతని కింద నవాబులు, జాగీర్దార్లు, హిందూ దేశ్‌ముఖులు కలిసి నడిపిన రాజ్యం. తలమీద రూమీటోపీ ఉన్నా కాళ్ళ కింద గడీ ఉంది.

ఇట్లాంటి రాజ్యానికి ముస్లిం రాజ్యం అని పేరు పెట్టిందెవరు? ఆ పేరుకు ఒక పార్టీ ఉంది. 1927లో మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పుట్టింది. 1938లో అధ్యక్షుడైన బహదూర్ యార్ జంగ్ గొప్ప వక్త. బిరుదులూ జాగీరూ వదులుకున్న మనిషి. ఆ మాటల ధాటిలోనే 'అనల్ మలిక్' అన్న నినాదం ఊళ్ళల్లోకి పాకింది. నేనే రాజును అని దాని అర్థం. అధికారం నిజాం ఒక్కడిది కాదు, ముస్లిం ప్రజలందరిదీ, నిజాం దానికి గుర్తు మాత్రమే అన్నది సిద్ధాంతం. వినడానికి ప్రజాస్వామ్యంలాగే ఉంటుంది. రాజు చేతిలోంచి అధికారం జనం చేతికి వచ్చినట్టే ఉంటుంది. కాని ఏ జనం చేతికి? 1941 జనాభా లెక్కల్లో సంస్థానంలో సుమారు 1 కోటి 63 లక్షల మంది ఉంటే ముస్లింలు నూటికి పదమూడు మంది కూడా లేరు. మిగిలిన ఎనభై ఏడు మందీ ప్రజలు కారన్నమాట!

ఇక ఆ పదమూడు మందికి దక్కిందేమిటి? అనల్ మలిక్ అన్న రిక్షావాడికి రిక్షా సొంతం కాలేదు. అనల్ మలిక్ అన్న కౌలుదారుకు పట్టా రాలేదు. గని కార్మికుడికి కూలి పెరగలేదు. అందరికీ ఓటు కావాలన్న కోరికను మజ్లిస్ అడ్డుకుంది. అందరికీ ఓటు వస్తే రాజరికం పోతుందన్నది దాని భయం. మతం పేరుతో ఏలే పార్టీలు తమ జనానికి ఎప్పుడూ ఇచ్చేది ఇదే. అధికారం ఇవ్వరు, అధికారం మనదేనన్న కైపు ఇస్తారు.

బహదూర్ యార్ జంగ్ 1944లో పోయాడు. 1946 చివర్లో మజ్లిస్ లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతిలోకి వచ్చింది. అప్పటి నుంచి మాట పోయి లాఠీ, లాఠీ పోయి తుపాకీ వచ్చాయి. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద మాట్లాడటానికి ఢిల్లీకి బయల్దేరవలసిన నిజాం ప్రతినిధుల ఇళ్ళను 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున మజ్లిస్ గుంపులు చుట్టుముట్టాయి. ప్రధానమంత్రి ఛతారీ నవాబు రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. మీర్ లాయఖ్ అలీ ప్రధాని అయ్యాడు. ఇక సర్కారులో మజ్లిస్ మాటే మాట. ఎన్నిక లేదు, జనం ఓటు లేదు. అయినా అది ఏలే పార్టీ. ఆ ఏలుబడిలోనే రజాకార్లు, నిజాం బలగాలు కలిసి తెలంగాణ పల్లెల మీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో మనుషుల్ని వరుసలో నిలబెట్టి కాల్చి చంపారు. ఈ నేరాన్ని ముస్లిం అయినవాడు దాచవలసిన పని లేదు. తగ్గించి చెప్పవలసిన పని అంతకన్నా లేదు. రజాకార్లకు చాలాచోట్ల విడిది ఇచ్చింది దేశ్‌ముఖుల గడీలే అన్న సంగతి కూడా దాచకూడదు.

ఆ కాలాన్ని ఎదిరించిన ముస్లింలు లేరా? ఉన్నారు. మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూలో కవిత్వం రాస్తూనే కార్మిక సంఘాలు కట్టాడు, జైలుకు పోయాడు, అజ్ఞాతంలోకి పోయాడు. ఫరీద్ మీర్జా రజాకార్ల ఆగడాలు చూడలేక రెవెన్యూ ఉద్యోగం వదిలేశాడు. 1948 ఆగస్టులో ఫరీద్ మీర్జా, బాఖర్ అలీ మీర్జా సహా ఏడుగురు ముస్లిం పెద్దలు రజాకార్ దళాన్ని రద్దు చేయమని, భారత్‌లో చేరమని బహిరంగంగా ప్రకటన చేశారు. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఉర్దూలోనే, ముస్లిం పాఠకులకే, ఈ మతపాలన మనల్ని ముంచుతుందని రాశాడు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే ఆయన్ని కాల్చి, రాసే చేతిని నరికారు. మతరాజ్యం మొదట వెతుక్కునేది పరాయి మతస్థుణ్ణి కాదు. తన మతంలోనే నోరు తెరిచినవాణ్ణి.

షోయబుల్లా పోయిన ఇరవై మూడు రోజులకు, సెప్టెంబర్ 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజుల్లో యుద్ధం అయిపోయింది. ముస్లిం బస్తీల మీద అసలు యుద్ధం అప్పుడే మొదలైంది.

నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగింది. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని లెక్క కట్టింది. అందరికన్నా ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని చెప్పింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013లో ఏ.జి. నూరానీ తన పుస్తకంలో దాన్ని అచ్చు వేశాడు. ఆ నాలుగు జిల్లాలూ మరాఠీ, కన్నడ ప్రాంతాలవి కావడం గమనించండి. ఖమ్మం కూడా కలిసి ఉన్న అప్పటి వరంగల్ జిల్లా ఆ నాలుగింటిలో లేదు. ఇక్కడి రైతు పోరాటం శత్రువును గడ్డంతో, బొట్టుతో కాక భూమితో గుర్తుపట్టడం నేర్పింది. అది ఒక కారణమని నేననుకుంటాను.

ఇప్పుడు లెక్క చూడండి. లాయఖ్ అలీ 1950లో పాకిస్తాన్‌కు తప్పించుకుపోయాడు. ఖాసిం రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళాడు. నిజాం 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, ఏడాదికి 50 లక్షల రాజభరణం తీసుకున్నాడు. దేశ్‌ముఖులు ఖద్దరు టోపీలు పెట్టుకొని ఊళ్ళకు తిరిగొచ్చారు. సైన్యం కమ్యూనిస్టుల మీదికి తిరిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఇల్లందు, పాల్వంచ వైపు గోదావరి అడవుల్లో కోయగూడేలు ఆ నిర్బంధం అనుభవించాయి. ఏలినవాళ్ళలో ఎవడూ మూల్యం చెల్లించలేదు. ఏలినామన్న మాట విన్నవాడు చెల్లించాడు. ఆ మాట ఎప్పుడూ అననివాడు కూడా, పేరు ముస్లింది అయినందుకు చెల్లించాడు. డెబ్బై ఐదేళ్ళు దాటినా ఆ బిల్లు ఇంకా మా గుమ్మంలోకే వస్తోంది.

లౌకిక రాజ్యాంగం మైనారిటీల మీద దయతో ఇచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. ఇచ్చినవాళ్ళూ అట్లాగే మాట్లాడతారు. నాకైతే 1949 సంవత్సరం వేరే సంగతి చెబుతుంది. ఆ ఏడాది మార్చిలో కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగ సభ సార్వభౌమాధికారం దేవుడిదని లక్ష్యాల తీర్మానం చేసింది. మైనారిటీ హిందూ సభ్యులు వద్దని మొత్తుకున్నా మెజారిటీ వినలేదు. అదే ఏడాది అక్టోబర్ 17న ఢిల్లీలో మన రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెడదామని సవరణ తెచ్చాడు. 41 మంది ఔనన్నారు, 68 మంది కాదన్నారు. అక్కడున్నవాళ్ళలో చాలామంది దేవుణ్ణి నమ్మేవాళ్ళే. నమ్మకం వేరు, రాజ్యం వేరు అని వాళ్ళకు తెలుసు. నవంబర్ 23న హైదరాబాద్‌లో నిజాం ఆ రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ఫర్మానా ఇచ్చాడు. అనల్ మలిక్ అన్న మాట ఆ రోజుతో చచ్చిపోయింది. దాని స్థానంలో 'మేము, భారత ప్రజలం' అన్న మాట వచ్చింది.

కరాచీ దారి ఎక్కడికి పోయిందో కూడా తెలిసిందే. 1953 అల్లర్ల మీద విచారణ జరిపిన జస్టిస్ మునీర్ ముస్లిం అంటే ఎవరని ఉలేమాలను వరసగా అడిగాడు. ఏ ఇద్దరి జవాబూ కలవలేదని 1954 నివేదికలో రాశాడు. 1974లో అక్కడి పార్లమెంటు అహ్మదీలు ముస్లింలు కారని చట్టం చేసింది. రాజ్యానికి మతం ఉంటే అసలైన మతస్థుడెవరో పోలీసు తేలుస్తాడు. ఇస్లాంను కాపాడుకోవాలనుకునే ముస్లిం కూడా లౌకిక రాజ్యమే కోరుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ఈ రాజ్యాంగం పేపరు మీద మాటే అనేవాళ్ళకు మన జిల్లాల అనుభవం చెబుతాను. రజాకార్ల గాయం పచ్చిగా ఉన్న 1952లోనే నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో హిందూ రైతులు, కూలీలు మఖ్దూంను గెలిపించి శాసనసభకు పంపారు. గిరిజనులకు రిజర్వు అయిన ఇల్లందు నియోజకవర్గం 1983 నుంచి ఐదుసార్లు గుమ్మడి నర్సయ్య అనే కోయబిడ్డను గెలిపించింది. ఆయనకు పడిన ఓట్లలో మా ఓట్లూ ఉన్నాయి. మా మతంవాడు కాదని, ఆ సీటు మాది కాదని మాకు కొరత అనిపించలేదు. ఉమ్మడి ఓటు అంటే అదే. మతానికి మతం ఓటు వేసుకునే ప్రత్యేక నియోజకవర్గాలు పోవడం ఇక్కడ మాకు మేలే చేసింది.

'ఏలినవాళ్ళ' అసలు జాబితా చూడాలంటే 2007 నాటి ప్రభుత్వ చట్టం చూడండి. వెనుకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ బీసీ-ఇ అని చేర్చిన వర్గాలవి. రాళ్ళు కొట్టే తురకకాశలు. అత్తరమ్మే సాయిబులు. బట్టలుతికే ముస్లిం ధోబీలు. క్షవరం చేసే హజాములు. ఎలుగుబంటిని ఆడించే గుడ్డి ఎలుగువాళ్ళు. గారడీ సాయిబులు. ఫకీర్లు. దూదేకులవాళ్ళు అంతకుముందు నుంచే బీసీ జాబితాలో ఉన్నారు. వీళ్ళా మిమ్మల్ని ఏలినవాళ్ళు? ఈ రిజర్వేషన్ మతాన్ని చూసి ఇచ్చింది కాదు, పనిని చూసి, పేదరికాన్ని చూసి ఇచ్చింది. అయినా 2023 ఏప్రిల్‌లో చేవెళ్ళ సభలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా తమ పార్టీ అధికారంలోకి వస్తే ముస్లిం రిజర్వేషన్ తీసేస్తామన్నాడు. ఎలుగుబంటివాడి కొడుకు బడికి పోవడం కూడా రజాకార్ల రాజ్యమేనా?

ఇక్కడే మనం అసలు సంగతికి వచ్చాం. అనల్ మలిక్ చచ్చిపోయిందన్నాను. నిజానికి అది ఉర్దూలో చచ్చిపోయి హిందీలో పుట్టింది. మతం, జాతి, రాజ్యం ఒకటే అన్నది అదే మాట. కాకపోతే అప్పుడు నూటికి పదమూడు మంది పేరు మీద అన్నారు, ఇప్పుడు నూటికి ఎనభై మంది పేరు మీద అంటున్నారు. సంఖ్య ఎక్కువైతే అబద్ధం నిజమవుతుందా? మెజారిటీ తనకు దైవదత్తమైన పాలనా హక్కు ఉన్నదని అనుకోవడమే భారత జాతీయవాదంలోని ప్రమాదమని అంబేద్కర్ 1947లోనే హెచ్చరించాడు.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ తర్వాత మూడు బీజేపీ రాష్ట్ర ప్రభుత్వాల రద్దును సమర్థిస్తూ 1994 మార్చి 11న బొమ్మై కేసులో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు బెంచి లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని చెప్పింది. 2019 నవంబర్ 9న అదే కోర్టు, మసీదు కూల్చడం చట్టవిరుద్ధమని చెబుతూనే స్థలాన్ని గుడికి ఇచ్చింది. ఆ డిసెంబర్‌లోనే పౌరసత్వ చట్టంలోకి మతాల పేర్లు వచ్చాయి, వాటిలో మా మతం పేరు లేదు. 2024 జనవరి 22న ప్రధానమంత్రి స్వయంగా ప్రాణప్రతిష్ఠలో కూర్చున్నాడు. అదే ఏడాది నవంబర్‌లో పీఠికలోంచి లౌకిక అన్న మాట తీసేయమన్న పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. మాట మిగిలింది. ఆ మాట పనిచేస్తున్నదా లేదా అన్నది కోర్టులో తేలే విషయం కాదు.

2022 నుంచి కేంద్ర ప్రభుత్వం సెప్టెంబర్ 17ను హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతోంది. 2024 మార్చిలో ఏటా జరపాలని నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. ఎవరి నుంచి విమోచన? నిజాం నుంచైతే అతన్నే రాజ్‌ప్రముఖ్ ఎందుకు చేశారు? గడీ నుంచైతే దొర ఊళ్ళోకి తిరిగి ఎట్లా వచ్చాడు? మతంతో ఏలిన పార్టీ నుంచైతే మంచిదే, ఆ పండుగకు మేమూ వస్తాం. అయితే పండుగ చేసేది మతంతో ఏలే ఇంకో పార్టీ కాకూడదు కదా!

మావాళ్ళకు ఒక మాట. నిజాం కట్టించిన ఆసుపత్రుల గురించి, యూనివర్సిటీ గురించి చెప్పండి, తప్పులేదు. కాని రజ్వీని వెనకేసుకు రాకండి. ఎవరన్నా రజాకార్ల పేరెత్తితే తల దించుకోనూ వద్దు, కోపం తెచ్చుకోనూ వద్దు. షోయబుల్లా పేరు చెప్పండి, బందగి పేరు చెప్పండి. మన తాతలు ఏలలేదు. ఏలితే ఇవాళ మనం ఇట్లా ఉండేవాళ్ళం కాదు.

లౌకికవాద మిత్రులకు ఇంకో మాట. మీరు బైరాన్‌పల్లి గురించి రాస్తారు, రాయాలి. గుల్బర్గా గురించి, ఉస్మానాబాద్ గురించి ఎందుకు రాయరు? సాయుధ పోరాటం మీద అల్మారాల నిండా పుస్తకాలున్నాయి. సుందర్‌లాల్ లెక్కకట్టిన ఆ వేలమంది ముస్లింల మీద తెలుగులో ఎన్ని ఉన్నాయి? మీరు రాయకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఒకపక్క ద్వేషం, ఇంకోపక్క ఉక్రోషం వచ్చి కూర్చుంటాయి. ముస్లిం తన చావును తానే చెప్పుకుంటే మతతత్వం, ఇంకొకరు చెబితే చరిత్ర అయ్యే పద్ధతి పోవాలి.

బైరాన్‌పల్లి మృతులనూ గుల్బర్గా మృతులనూ ఒకే సభలో తలచుకోగలిగిన రోజున ఈ సెప్టెంబర్ 17కు ఏ పేరు పెట్టుకున్నా పేచీ ఉండదు. మాకు రాజ్యం వద్దు. ఒకప్పుడు మా పేరు మీద ఎవరో రాజ్యం చేస్తేనే ఇంత మూల్యం కట్టాం. మీ పేరు మీద ఇవాళ రాజ్యం చేస్తున్నవాళ్ళు మీకేమిచ్చారో మీరూ ఒకసారి లెక్క చూసుకోండి.